పేరయ్య ఒంగోలుకి ఎందుకు నడిచాడు

పాణ్యంలో బస్సు కోసం నిలబడితే రెండు దారులు. పెద్ద రోడ్డు నంద్యాలకి పోతుంది, ఇంకోటి దక్షిణంగా బనగానపల్లెకి. మా ఇంట్లో ఇవి రెండు మతాలు. క్రిస్మస్ వస్తే మా జేజి నంద్యాల బస్సెక్కేది, అక్కడి పెద్ద చర్చికి. ఆమె తమ్ముడు (మేం చిన్నతాత అనేవాళ్ళం) బనగానపల్లె బస్సెక్కేవాడు, రవ్వలకొండ గుహలో బ్రహ్మంగారికి దండం పెట్టుకోడానికి. బయటివాళ్ళకి బనగానపల్లె అంటే మామిడిపండు. మా చిన్నతాతకి అది కాలజ్ఞానం పుట్టిన ఊరు.

మాది మాదిగ ఇల్లు. సాయంత్రం పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఇద్దరూ అరుగు మీద కూర్చుంటే వాదం మొదలయ్యేది. చిన్నతాత ఎప్పుడూ ఒకే చోట మొదలుపెట్టేవాడు.

"అక్కా, మీ పాస్టరుకు గురువెవురు?"

"యేసయ్య."

"యేసయ్యకు?"

"వాళ్ళ నాయన."

"ఆ నాయనకు?"

"నీకీపొద్దు బువ్వ లేదు, లేసి పో."

అప్పుడు నాకది పెద్దవాళ్ళ సరదాగా తోచేది. గురువు ఎవరు అని అడగడం మా వాడల్లో ఎంత పాత అలవాటో చాలా ఏళ్ళ తర్వాత, బెంగళూరులో ఒక మధ్యాహ్నం భోజనాల టేబుల్ దగ్గర ఒకడన్న మాట వల్ల, వెతకడం మొదలుపెట్టాక గానీ తెలీలేదు. మతం మారినవాళ్ళ గురించి ఏదో వార్త నడుస్తోంది. మా టీంలో ఒకతను నవ్వుతూ "రైస్ బ్యాగ్ బ్యాచ్" అన్నాడు. బియ్యం బస్తా కోసం దేవుణ్ణి మార్చుకున్నవాళ్ళు అని. అతనికి నా సంగతి తెలీదు. నేనూ చెప్పలేదు. చెప్పకపోవడం గురించి చాలా రోజులు సిగ్గుపడ్డాను. కానీ సిగ్గు కంటే ఎక్కువగా ఒక అనుమానం పట్టుకుంది. ఒకవేళ అతను చెప్పిందే నిజమైతే?

తెలుగునేల మీద ఈ మాటకి ఆధారం చూపించాలంటే ఎవరైనా ముందు పట్టుకునేది 1878. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని తినేసిన కరువు, మన పెద్దలు ధాత కరువు అన్నది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఉండేవాడు. మతబోధకి రాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వే పని చేసినవాడు. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వుతుంటే, అందులో మూడు మైళ్ళ పైచిలుకు ముక్కని క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి వేలమందికి పని, కూలి ఇచ్చాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్ళలో నిలబడ్డారు. ఈ అంకె అమెరికాలో సంచలనం అయింది. మిషన్ పత్రికలకి పండగ.

రెండు వేల రెండొందల ఇరవై రెండు లాంటి అందమైన అంకె దొరికితే నా వృత్తిలో ఎవరైనా ముందు లాగ్ చూస్తారు. చూస్తే ఒక విషయం కనపడింది. కరువు సాయం నడిచినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. జనం అడుగుతున్నా ఆపాడు. బియ్యం కోసం వచ్చారన్న మాట ఎక్కడ పడుతుందోనని అతనికీ భయమే. అంటే నా సహోద్యోగి వేసిన జోకు అప్పటికే పాతబడింది. కూలి పని అయిపోయి, ఇచ్చేదేమీ లేనప్పుడు కూడా ఆ జనం ఎదురుచూస్తూ ఉన్నారన్నది క్లౌ వాదన.

ఇది మిషనరీ తన గురించి తాను చెప్పుకున్న సాక్ష్యం, కొంచెం తగ్గించే చదవాలి. ఆకలికీ ఆ జనం నదిలో దిగడానికీ సంబంధం లేదని నేను అనను. కరువులో ఊళ్ళో ఎవరూ మనిషిగా చూడనప్పుడు, దెబ్బలు లేకుండా పని చేయించి సాయంత్రం చేతిలో కూలి పెట్టినవాడి మాట వినాలనిపించడం లంచం కాదు. అది ఒక రకం సాక్ష్యం చూసి నమ్మడం. అయినా 1878 దగ్గర నిలబడి వాదించుకుంటే ఈ కథ మొదలు కనపడదు. పన్నెండేళ్ళు వెనక్కి పోవాలి.

1866లో ఒంగోలులో చర్చి లేదు. నెల్లూరులో 1840 నుంచి ఉన్న ఈ బాప్టిస్టు మిషన్‌ని ఫలితం లేదని మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ భార్యతో, నెల్లూరు క్రైస్తవులు కొందరితో ఒంగోలు కొండ ఎక్కి ఇక్కడికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశాడు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. ఆ మనిషి, అంటే క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866 సెప్టెంబరులో.

అంతకు ఆరు నెలల ముందే, మార్చిలో, ఒక మాదిగాయన తనంతట తాను వచ్చి బాప్తిస్మం తీసుకుని వెళ్ళాడు. పేరు యర్రగుంట్ల పేరయ్య. ఊరు ఒంగోలుకి నలభై మైళ్ళ దూరంలో తాళ్ళకొండపాడు. ఆ ఊరికి ఏ మిషనరీ వెళ్ళలేదు. ఎవరూ అతనికి కరపత్రం ఇవ్వలేదు. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్ళినప్పుడు అక్కడ క్రైస్తవ బోధ విన్నాడు. మీ వైపు కూడా ఒక బోధకుడు వస్తాడని తెలుసుకుని తిరిగొచ్చి, అతనెప్పుడొస్తాడా అని కాచుకున్నాడు. జ్యూయెట్ ఒంగోలు వచ్చాడని తెలియగానే బయల్దేరాడు.

వ్యాపారం మీద వెళ్ళిన మనిషి సంతలో ఎన్నో వింటాడు. ధరలు వింటాడు, తగాదాలు వింటాడు. ఇది మాత్రం ఎందుకు పట్టుకుంది? ఎందుకంటే పేరయ్య అప్పటికే వెతుకుతున్నాడు. అతను రాజయోగం అభ్యసించినవాడు. గురువు దగ్గర ఉపదేశం పొంది, కూర్చుని, ఊపిరి నిలిపి, దృష్టి నిలిపి, లోపల ఉన్నదాన్ని చూడాలని ఏళ్ళు గడిపినవాడు. మాదిగపల్లెల్లో అతని మాటకి విలువ ఉంది.

ఇది చదివినప్పుడు నేను కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను. చిన్నతాత గుర్తొచ్చాడు.

ఈ సంగతులు మనదాకా రావడానికి ఒక పుస్తకం ముఖ్య కారణం. ఎమ్మా రౌషెన్‌బుష్ 1882లో ఈ మిషన్‌లో పనికి వచ్చింది, 1894లో క్లౌని పెళ్ళి చేసుకుంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో డాక్టరేట్ చేసిన మనిషి. పరిశోధన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద, ఆడవాళ్ళ హక్కుల గురించి పద్ధెనిమిదో శతాబ్దంలో రాసిన ఇంగ్లీషు రచయిత్రి మీద. అలాంటి చదువు చదివి వచ్చి ఒంగోలులో ముసలి మాదిగ బోధకుల్ని కూర్చోబెట్టి, 'మీరు మారకముందు ఏం నమ్మేవాళ్ళు?' అని అడిగింది. ఆ జవాబులే 1899లో ఇంగ్లీషు పుస్తకమై వచ్చాయి. పేరుని తెలుగులో చెప్పాలంటే 'చెప్పులు కుడుతూ'. అందులో మాతంగి ఉంది, అరుంధతి కథ ఉంది, ఊరూరా తిరిగిన గురువులున్నారు, వాళ్ళు చెప్పిన బోధలున్నాయి. ఆమె మిషనరీయే. ఇదంతా క్రీస్తు కోసం నేల దున్నడం అన్నట్టే ఆమె చూస్తుంది. ఆ చూపు నాకు ఇబ్బందే. కానీ ఆ ముసలాళ్ళని కూర్చోబెట్టి అడిగింది ఆమె. ఆ రోజుల్లో మన పండితులెవరికీ ఆ ప్రశ్న తట్టినట్టు లేదు.

ఆ గురువుల బోధ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే మళ్ళీ బనగానపల్లె రోడ్డు ఎక్కాలి. పోతులూరి వీరబ్రహ్మం ఈ ఊళ్ళో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట్లో పశువుల్ని కాశాడని, కాస్తూ కాస్తూ రవ్వలకొండలో కాలజ్ఞానం రాశాడని మా వైపు పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. పదిహేడో శతాబ్దం మనిషి అని సంప్రదాయం. తర్వాత కందిమల్లాయపల్లె చేరి అక్కడే సమాధి అయ్యాడు. ఇప్పుడు బ్రహ్మంగారిమఠం అంటున్నది అదే. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు దాటి పోవాలి. ఆయనకి ముఖ్య శిష్యుడు దూదేకుల సిద్దయ్య, ముస్లిం కుటుంబం వాడు. ఇంకో శిష్యుడు కక్కయ్య, మాదిగ.

కక్కయ్య కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. ఒక రాత్రి బ్రహ్మంగారు సిద్దయ్యకి దేహంలో చక్రాలున్నాయని, ఒక్కో చక్రంలో ఒక్కో దేవత ఉందని చెప్తుంటే చాటుగా కక్కయ్య విన్నాడు. ఇంటికెళ్ళి, నిద్రపోతున్న భార్యని కోసి చూశాడు. నెత్తురు, పేగులు తప్ప ఏమీ లేవు. తిరిగొచ్చి గురువుని అబద్ధాలకోరు అని నిలదీశాడు. బ్రహ్మంగారు వెళ్ళి దేవతల్ని చూపించి, ఆమెని బతికించాడు. కక్కయ్య కాళ్ళ మీద పడ్డాడు.

చిన్నతాత ఈ కథని కళ్ళ నీళ్ళతో చెప్పేవాడు. కులం తక్కువవాడు చాటుగా విన్న జ్ఞానం గురించి, దాన్ని పరీక్షించే తెగువ గురించి. మా జేజి మాత్రం ప్రతిసారీ ఒకటే అనేది: "ఆయప్ప జ్ఞానానికి పెండ్లాం కడుపే దొరికిందా?" ఈ ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పినట్టు నేను చూళ్ళేదు.

ఏమైనా, కథ నిజమా కాదా అన్నది పక్కన పెడితే, ఒక సంగతి మిగులుతుంది. బ్రహ్మంగారి శిష్యపరంపర, ఆ తర్వాత అచల గురువులు, రాజయోగులు మాదిగపల్లెల్లోకి వచ్చారు, లేదా మాదిగలే వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. గుడిలోకి రానివ్వని మనిషికి వాళ్ళు చెప్పింది: గుడి నీ దేహమే, విగ్రహం అక్కర్లేదు, ఉన్నది ఒక్కటే, దాన్ని చూపించేవాడు గురువు. ఏ చదువూ లేకుండా చెవితో విని, తత్వాలుగా పాడుకుని, చెప్పులు కుడుతూ చర్చించుకున్న వేదాంతం ఇది. పేరయ్య లాంటివాడికి దేవుడు ఒక్కడే అన్నది కొత్త వార్త కాదు. విగ్రహాలు వృథా అన్నదీ కొత్త కాదు. కొత్తది మరొకటి: ఆ ఒక్కడు మనిషై వచ్చి, నీలాంటివాళ్ళతో కలిసి తిని, నీ కోసం చచ్చిపోయాడన్నది. గురువు శిష్యుడి కోసం ప్రాణం పెట్టడం. ఆ మాట అతన్ని నలభై మైళ్ళు నడిపించిందని నా ఊహ. రాజయోగంలో నువ్వు పైకి ఎక్కాలి. ఇక్కడ ఆయనే దిగి వచ్చాడంటున్నారు. రోజంతా ఒంగి పని చేసేవాడికి ఆ తేడా చిన్నది కాదు.

క్లౌ ఒంగోలుకి వచ్చిన కొత్తలో ఒక సంకటం వచ్చింది. ఊళ్ళోని బ్రాహ్మలు, పైకులాలవాళ్ళు అతనితో స్నేహంగా ఉన్నారు, పిల్లల్ని బడికి పంపారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అన్నారు. ఏం చేయాలో తోచక క్లౌ, అతని భార్య హేరియట్ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు కనపడిందని క్లౌ జీవితకథలో ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం 26వ వచనం నుంచి. పిలుపు అందుకున్నవాళ్ళలో లోకం లెక్కలో జ్ఞానులూ గొప్పవాళ్ళూ ఎక్కువమంది లేరని, జ్ఞానుల్ని సిగ్గుపరచడానికి దేవుడు వెర్రివాళ్ళని ఎంచుకున్నాడని పౌలు అక్కడ అంటాడు. దాంతో ఆ దంపతులు తేల్చుకున్నారు. మాదిగలనే చేర్చుకుందాం, పోయేవాళ్ళు పోనీ.

నాకు ఈ నిర్ణయం మీద చాలా గౌరవం ఉంది. పైకులాల ద్వారా కిందికి దిగుదామని చూసిన ఎన్నో మిషన్ల కన్నా అది నిజాయితీ ఉన్న పని. కానీ ఆ వచనం ఎంచుకోవడంలో ఒక పొరపాటు ఉందనిపిస్తుంది. బ్రాహ్మలు జ్ఞానులు, మాదిగలు జ్ఞానం లేనివాళ్ళు అన్న ఊరి లెక్కని అది అలాగే ఒప్పుకుని, దేవుడు ఆ లెక్కని తిరగేశాడంటుంది. పేరయ్య విషయంలో లెక్కే తప్పు. అప్పటికి ఒంగోలు చర్చికి ఉన్న కొద్దిమందిలో తత్వం గురించి అందరికన్నా ఎక్కువ ఆలోచించినవాడు అతనే అయుండొచ్చు. వచ్చింది జ్ఞానే. అతన్ని అజ్ఞానుల వరసలో నిలబెట్టి ఆహ్వానించారు. ఆ తర్వాత నూట యాభై ఏళ్ళుగా మెచ్చుకునేవాళ్ళూ ఎగతాళి చేసేవాళ్ళూ ఇద్దరూ ఆ వరస మార్చలేదు. ఒకరు 'పాపం, అమాయకులు' అంటారు, ఇంకొకరు 'బియ్యం బస్తా' అంటారు.

1867 జనవరి 1న ఒంగోలు చర్చి ఎనిమిది మందితో మొదలైంది. ఆ నెలలోనే క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళి చింతతోపులో గుడారం వేశాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మూటలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. వాళ్ళని పోగుచేసింది పేరయ్యే. చివరికి 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఒకరికొకరు చుట్టాలు, పరిచయస్తులు. మిషన్ పటం మీద అది మిషనరీ పర్యటన. కింద నుంచి చూస్తే ఒక గురువు తన మనుషుల్ని ఇంకో గురువు దగ్గరికి తీసుకెళ్ళడం.

ఇక అసలు విషయం. లోకాన్ని చూసే తీరు మారడం అంటే ఆచరణలో ఏమైంది? క్లౌ కొత్త క్రైస్తవులకి పెద్ద వేదాంతం చెప్పలేదు, మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన పశువు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. మొదటిసారి చదివినప్పుడు ఇంతేనా అనిపించింది. మాది పల్లెటూరు కాబట్టి కాసేపటికి అర్థమైంది, ఈ మూడింటిలో ఒక్కటి పాటించినా ఊరు ఆగిపోతుందని.

ఆదివారం సంగతే చూడండి. మాదిగకి ఊరితో ఉన్న ఒప్పందంలో సెలవన్నది లేదు. రైతుకి కావలసిన తోలు సరుకంతా మాదిగ చేసి ఇవ్వాలి: చెప్పులు, ఎద్దుల మెడ పట్టీలు, కపిల బావికి తోలు బాన. బదులు కోతలప్పుడు కళ్ళంలో ఇన్ని గింజలు. ఎండాకాలంలో బాన చిరిగితే నీళ్ళు ఆగిపోతాయి, పైరు ఎండుతుంది. రైతు కబురు పంపుతాడు, మాదిగ పరిగెత్తాలి. ఇప్పుడు వాడు 'ఈరోజు ఆదివారం, రేపు కుడతా' అన్నాడు. ఆ మాటలో ఎంత ఉందో ఆలోచించండి. నా కాలం నీది కాదు, ఏడింట్లో ఒక రోజుకి వేరే యజమాని ఉన్నాడు అని. శనివారం రాత్రి ప్రొడక్షన్ పడిపోతే ఫోన్ ఎత్తాల్సిన ఉద్యోగం నాది. ఎత్తకుండా ఉండే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. వాళ్ళకి ఉద్యోగం పోవడంతో ఆగలేదు. గింజలు ఆపారు, బావి దగ్గరికి రానివ్వలేదు, కొట్టారు.

చచ్చిన పశువు మాంసం మానడం ఇంకా లోతైనది. చచ్చిన గొడ్డు మాదిగది, అది హక్కూ అదే బాధ్యతా. తోలు రైతుకి వస్తువై తిరిగి వెళ్తుంది, మాంసం మాదిగ కూడు. ఆ కూడే అంటరానితనానికి ఊరు చూపించే సాకు కూడా. దాన్ని వదిలేయడమంటే ఆకలికాలంలో దొరికే ఒక్క మాంసాన్ని వదులుకోవడం. నా సహోద్యోగికి చెప్పాల్సిన మాట ఇది: ఈ మతం వాళ్ళకి కూడు ఇవ్వడం కన్నా ముందు ఉన్న కూడు వదలమంది. అరవై ఏళ్ళ తర్వాత, 1927లో, మహద్‌లో అంబేద్కర్ మహర్లకి చచ్చిన పశువు మాంసం మానమని చెప్పాడు. ఆయన దారి వేరు, ఆయన మాటలో దేవుడు లేడు. కానీ ఇద్దరూ తాకింది ఒకే ముడిని.

మూడో నియమం దగ్గర మాత్రం నా మనసు రెండుగా ఉంటుంది. విగ్రహం వద్దంటే జాతరలో డప్పు కొట్టడం కూడా వద్దు. డప్పు లేకపోతే ఊరి జాతర లేదు, కాబట్టి అది సమ్మె లాంటిది, సరే. కానీ డప్పు మాదిగ కళ కూడా. మాతంగి ఇంకా ఎక్కువ. ఎల్లమ్మ పూనిన మాదిగ స్త్రీ, పైకులాలవాళ్ళని కూడా తిట్టి, వాళ్ళ మీద ఉమ్మితే వాళ్ళు పవిత్రం అనుకుని తీసుకునే ఆ ఒక్క ఘడియ. ఎమ్మా ఆమె గురించి కొంచెం భయంగా, కొంచెం ఆశ్చర్యంగా రాసింది. ఏడాదిలో ఒక్కరోజు అధికారం పోతే పోయింది, మిగతా రోజుల అవమానం పోయింది కదా అనొచ్చు. నేనూ చాలావరకు అదే అంటాను. అయినా మా వాడలో డప్పు నేర్చుకున్న చివరి మనిషి ఎవరో నాకు తెలుసు, ఆయన పిల్లలకి రాదు.

ఒంగోలు కథ మా పాణ్యానికి దూరం అనుకోవద్దు. మధ్యలో ఉన్నది నల్లమల. కొండకి అవతలున్న కంభం, మార్కాపురం ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోనివే. బాప్టిస్టులు అటు నుంచి వచ్చారు. ఇటువైపు వాళ్ళకన్నా ముందే ఆంగ్లికన్ మిషన్ ఉంది. కర్నూలు నవాబుని 1839లో తీసేసి కంపెనీ జిల్లాని తీసుకున్నాక, 1850లలో చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడులో జాన్ క్లే నిలదొక్కుకున్నాడు. ఆ తర్వాత నంద్యాల పెద్ద కేంద్రమైంది. బనగానపల్లె మాత్రం 1948 దాకా నవాబు సంస్థానంగానే ఉంది. ఆంగ్లికన్ల దగ్గర చేరినవాళ్ళు ఎక్కువగా మాలలు, బాప్టిస్టుల దగ్గర ఎక్కువగా మాదిగలు. దేవుడి దగ్గర కులం లేదని చెప్పిన రెండు మిషన్ల మధ్య కూడా గీత అక్కడే పడింది. మా జేజి మాదిగై ఉండి నంద్యాల పెద్ద చర్చికి వెళ్ళడం ఆమె తరంలో అంత మామూలు విషయం కాదు. ఎందుకు అని అడిగితే "అక్కడ పాటలు బాగుంటాయి" అనేది.

నంద్యాల మొండిది కూడా. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొందరు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయినప్పుడు నంద్యాల ప్రాంతంలో చాలామంది చేరలేదు. దశాబ్దాల తర్వాత గానీ, అదీ కొంతవరకే, అతకలేదు. పైనుంచి బిషప్పులు తీర్మానించినా తమ బోధ, తమ పరంపర ఏమిటో తేల్చుకునేదాకా కదలని జనం వీళ్ళు. గొర్రెల మంద అన్నవాళ్ళు ఈ ఒక్క చరిత్ర చదివినా బాగుండు.

ఒక చిన్న మాట, భాష గురించి. తెలుగులో కాథలిక్కులు బాప్తిస్మాన్ని జ్ఞానస్నానం అంటారు, తమిళం మీదుగా వచ్చిన మాట. ప్రొటెస్టెంట్లు గ్రీకు మాటనే తెచ్చి బాప్తిస్మం అన్నారు. హిందూ వాసన తగలకూడదన్న జాగ్రత్త కావచ్చు. కానీ జాగ్రత్త పడనివాటి ద్వారా అన్నీ లోపలికి వచ్చేశాయి: ఆత్మ, రక్షణ, మోక్షం, ప్రభువు. పురుషోత్తమ చౌధరి (బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్న కవి) రాసిన కీర్తనలు మా జేజి పాడుతుంటే, అరుగు అవతలి నుంచి చిన్నతాత తాళం వేసేవాడు. ఒకసారి నేను ఇద్దరి పాటల్నీ వరసగా ఫోన్‌లో రికార్డు చేశాను. పేర్లు తీసేసి వింటే ఏది ఎవరిదో చెప్పడం నాకు కష్టమైంది. వాళ్ళకి మాత్రం బాగా తెలుసు. తేడా ఎక్కడుందో వాళ్ళు ఎప్పుడూ మర్చిపోలేదు, అందుకే ప్రతి సాయంత్రం వాదించుకున్నారు.

చిన్నతాత పోయి నాలుగేళ్ళు. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు జేజికి పేరయ్య కథంతా చెప్పాను. యోగం, తోళ్ళ వ్యాపారం, నలభై మైళ్ళు. రాజయోగి అనగానే "మా తమ్ముని మాదిరి" అంది. మూడు నియమాలు చెప్తే తల ఊపింది, తెలుసు అన్నట్టు. అంతా విని అడిగింది:

"ఆయప్ప పెండ్లాం ఏమైంది?"

"ఆమె కూడా ఆయనతోపాటే బాప్తిస్మం తీసుకుంది జేజీ. ఒంగోల్లోనే."

కాసేపు ఊరుకుంది.

"అంటే ఆయమ్మ గూడా నడిచింది గదా అంత దూరము" అంది. "ఆమె ఏమి ఎతుక్కుంటా పోయిందో, అది గూడా రాసినారేమో సూడు."